బలం మాత్రల సీసా

తమ్ముడికి,

నీకు హెచ్.ఐ.వి. అని తేలిన రోజు ఆసుపత్రి వరండాలో నా చెయ్యి పట్టుకుని, "ఇంటికెళ్ళగానే మా ఆవిడకి చెప్పేస్తా అన్నయ్యా" అన్నావు. ఏళ్ళు గడిచాయి, చెప్పలేదు. ఆ జబ్బు మాత్రల్ని బలం మందు సీసాలో పోసుకున్నావు. నేను చదివిన నవలల్లో విషం పెట్టేవాడు కూడా ఇంత నేర్పుగా సీసా మార్చలేదు.

రోజూ మాత్ర మింగుతున్నా వైరస్ మళ్ళీ ఎందుకు పెరిగిందో డాక్టరుకీ అంతుపట్టలేదని మొన్న ఫోన్లో ఏడ్చావు. కారణం నిన్న మా ఇంటికి వచ్చింది. నీ భార్య. మనిషి సగమైంది, జ్వరం వదలడం లేదట.

"నీరసంగా ఉందని ఆయన బలం మాత్రలు నేనూ వేసుకుంటున్నా బావగారూ" అని నవ్వింది. "అడిగితే ఇస్తారా, పిసినారి! తీసినన్ని, అచ్చం అలాంటివే విటమిన్ మాత్రలు కొట్లో కొని సీసాలో కలిపేస్తున్నా. ఇప్పటికీ కనిపెట్టలేదు!"

నాకు నవ్వు రాలేదు. నీ వైరస్ అణిగి ఉన్నన్నాళ్ళూ ఆమెకు ముప్పు లేదు. ఇప్పుడుంది. ఇప్పటికే సోకి ఉంటే, ఈ అరకొర మందుతో అది మొండికేసి ఆ మాత్రలకు లొంగకుండా పోవచ్చు.

ఫోన్లో అయితే మాటలతో బోల్తా కొట్టిస్తావని రాస్తున్నాను. సోమవారం ఆమెను పరీక్షకు తీసుకురా. ఆసుపత్రి గేటు దగ్గరుంటాను. అప్పటికి నువ్వు చెప్పకపోతే నేను చెబుతాను.

జబ్బు ఎవరికైనా వస్తుంది, వచ్చినందుకు నిన్నెప్పుడూ ఒక్క మాట అనలేదు. కానీ సోమవారం ఆమె రక్తంలో ఏం తేలినా, దానికి నేను తప్పుపట్టేది నిన్నే.

మీ అన్నయ్య