బటన్ మీది వేలు

మే 19
మళ్లీ మిషన్ షాపులోకి. గ్రైండర్ కోసిన కుడిచెయ్యి మానింది. చూపుడు, మధ్య, ఉంగరం — ఈ మూడు వేళ్లకే స్పర్శ లేదు. ఓనర్ సత్తిబాబు గారు అడిగారు. "ఏటి రమణా, సెయ్యి పనిసేత్తాదా?"
"సేత్తాదండి."
అనేశాను.

మే 21
లోహం చెక్కే ఐదు యాక్సిస్‌ల మిషన్. చేత్తో జరపాలంటే హ్యాండ్‌వీల్ తిప్పాలి, ఒక్కో క్లిక్కూ వేళ్లకి తెలియాలి. తిప్పుతున్నాను... ఎన్ని తిప్పానో తెలియదు.

మే 24
అప్పలరాజు బావ — మా ఆవిడ లక్ష్మి వాళ్ల అన్న, మా షాపు ఎలక్ట్రీషియన్ — వన్ టౌన్‌లో గేమ్ కంట్రోలర్ కొనుక్కొచ్చి మిషన్ కంప్యూటర్‌కి తగిలించాడు. ఎడమ పుల్ల తోస్తే టేబుల్ జరుగుతుంది. కుడి పుల్ల తోస్తే టూలు పైకీ కిందకీ. కుడి చూపుడువేలి కింద ఒక బటన్. అది నొక్కి ఉంచితేనే ఏదైనా కదిలేది. వదిలితే ఆగాలి.
"బటన్ ఎడమేపు పెట్టేయనా బావా?" అన్నాడు.
"కుడేపే ఉంచు."

మే 25
నడుస్తోంది. మెల్లగా తోస్తే మెల్లగా. "ఈ వయసులో ఆటలేటయ్యా" అని ఓనర్ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. బాధా లేదు.

మే 30
లక్ష్మి టీ గ్లాసు అందించింది. పట్టుకున్నాను. "కాలతాది, వదులు... వదులంతన్నాను!" తనే లాక్కుంది. వేళ్లు ఎర్రగా — ఎవరివో.

జూన్ 4
ఫిషింగ్ హార్బర్ నుంచి పోలమ్మ గారి పడవ ప్రొపెల్లర్ వచ్చింది. రెక్క అంచు అరిగితే వెల్డింగ్ పోయించి తెచ్చింది. మేం చెక్కి ఆకారానికి తేవాలి. వేట నిషేధం అయిపోయేలోపు. "పది రోజులే ఉంది బాబూ."

జూన్ 6
టూలు ఎక్కడ తగులుతుందో చూడాలి. తిరగని టూలుకీ రెక్కకీ మధ్య బావ కాగితం ముక్క పట్టుకున్నాడు. నేను దించుతున్నాను. బావ ఫోన్ మోగింది. చెయ్యి తీశాడు. అటు చూశాను. బటన్ వదిలాను — వదిలాననుకున్నాను. బొటనవేలు పుల్ల మీదే ఉంది. టూలు దిగింది. రెక్క మీద పడి, విరిగింది. బావ పరుగున వెళ్లి మిషన్ ఆపే ఎర్ర బటన్ కొట్టాడు.
కిందకి చూశాను. నా వేలు నొక్కే ఉంది.
ఒక్క క్షణం ముందు అక్కడ బావ చెయ్యి ఉంది.
ఓనర్ బావ మీద అరిచారు. "ఆటబొమ్మని మిషన్‌కి తగిలిత్తావా!"
"వైరింగ్ సూత్తానండి" అన్నాడు బావ.
నేను వంగి టూలు ముక్కలు ఏరాను.

జూన్ 7
బావని రావద్దన్నారు.

జూన్ 8
అన్నం తిన్నాను. కూరేమిటంటే చెప్పలేను.

జూన్ 9
పోలమ్మ గారు వచ్చింది. రెక్క మీది గంటు తడిమింది. "ఏటైంది బాబూ?"
"మిషన్ ఆగలేదమ్మా."
మళ్లీ తడిమింది. "మా పడవ నడిపే సరంగూ ఇలాగే అంతాడు. పడవ తిరగలేదంతాడు."

జూన్ 10
సీతమ్మధారలో ఎవరి ఇంటికో వైరింగ్ చేస్తున్నాడు బావ. అక్కడికే వెళ్లాను.
"వదల్లేదు బావా. నా వేలికి తెలీదు. మొదట్నించీ తెలీదు."
వైరు ఒలుస్తూనే ఉన్నాడు. "సూసాను."
"ఏటి?"
"నీ వేలు. ఆ రోజే సూసాను."
"మరి ఓనర్‌తో సెప్పలేదేం?"
"నువ్వే సెప్తావనుకున్నాను."
సిమెంటు బస్తా మీద కూర్చున్నాను. పనంతా అయ్యాక మంచినీళ్లిచ్చాడు.

జూన్ 11
ఓనర్‌కి చెప్పాను. అంతా. ఆయన అరవలేదు. బావకి ఫోన్ చేశారు — "వచ్చేయ్. బటన్ ఎడమేపుకి మార్చు. ముసలమ్మ ప్రొపెల్లర్ అవ్వాల." నడిపేదెవరో చెప్పలేదు.
తర్వాత నాతో, "సెయ్యి బల్ల మీద పెట్టు. అటు సూడు."
గోడవైపు తిరిగాను. జేబులోంచి పెన్ను తీసిన చప్పుడు.
"తెలుత్తందా?"
"లేదండి."
"ఇప్పుడు?"
"లేదండి."
"ఇప్పుడో?"
ఏదో... ఉన్నట్టే ఉంది.
"తెలిసిందండి."
ఆయన పెన్ను మళ్లీ జేబులో పెట్టుకున్నారు. ఆ మూడోసారి అసలు ముట్టారో లేదో — నేను అడగలేదు.