మోకాలెత్తు గోడల గది

జనవరి 21, బుధవారం
శుక్రవారం మళ్ళీ పెళ్ళిచూపులు. అక్క ఇంట్లో ఉంటున్నందుకు నేను కట్టే అద్దె ఇదే! కరీంనగర్ అబ్బాయి, శ్రీధర్. ఈ అరబ్బు దేశంలోనే, బిర్కత్ అల్ అవామిర్‌లో లేబర్ క్యాంప్ సేఫ్టీ ఆఫీసరు. నజ్మా హోటల్లో అయితే అన్నీ తెలిసిన మొహాలే... అందుకని బావగారు ఉత్తరాన పాడుబడిన ఊరేదో ఎంచారు. ఎక్కడైతేనేం, కాదనే చెప్తాను. ఇంతకుముందు చూసిన ముగ్గురూ బడి ఉద్యోగం మానేయమన్నవాళ్ళే.

జనవరి 22
అక్క గంధం రంగు చీర తీసింది. ఇసుకలో కలిసిపోతాను, మంచిదే.

జనవరి 23, శుక్రవారం
ఊరంటే రాళ్ళ కుప్పలు. గదిలా మిగిలింది ఒక్కటే — చిన్న మసీదట, వెయ్యేళ్ళ నాటిది. కప్పు లేదు. గోడలు మోకాలెత్తు. పడమటి గోడలో నమాజు దిక్కు చూపే గూడు అడుగుభాగం మాత్రం చక్కగా ఉంది.

ఉప్మా, టీ అయ్యాయి. అతని మేనత్త అలవాటుగా అనేసింది, "పిల్లలు పక్క అర్రల మాట్లాడుకుంటరు తియ్యి." అందరం చుట్టూ చూశాం. గది అంటే అదొక్కటే.

కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని గోడ దాటేశాను. అతను దాటలేదు. చుట్టూ తిరిగి, గుమ్మం దగ్గర బూట్లు విప్పి వచ్చాడు. దాటేస్తే సరిపోయేది కదండీ అన్నాను.

"గుమ్మమైతే ఉంది గద."

సిగ్గేసింది. బయటికి దాటి, చెప్పులు విప్పి, నేనూ గుమ్మంలోంచే వచ్చాను. నవ్వలేదు అతను. పక్కకి జరిగి దారిచ్చాడు.

బడి మాననని ముందే చెప్పేశాను.

"మానుమని ఎవలన్నరు? పొద్దుగాల టిఫిన్ నేనే చేస్త."

చాప మీద పెద్దవాళ్ళు మాటలాపి మరీ వింటున్నారు. ఉప్మా తప్ప ఏం రాదు వానికి అంది మేనత్త, అక్కణ్ణుంచే. ఎంత నవ్వుకున్నామో! ఇంత సంతోషంగా ఉండి ఎన్నాళ్ళయింది...

జనవరి 25
ఇక్కడ ఆదివారంతోనే బడి వారం మొదలు. ఏడో తరగతికి లెక్క తప్పు చెప్పాను. పిల్లలే దిద్దారు. బోర్డు మీద రాస్తూ కూనిరాగం కూడా తీస్తున్నానట.

జనవరి 27
అటు నుంచి కబురు లేదు. కాదందామనుకున్నదాన్ని — ఇప్పుడు అతనెక్కడ కాదంటాడో అని కుదురు లేదు. మగపెళ్ళివారే ముందు చెప్పాలి, మనం అడిగితే లోకువ అంటుంది అక్క.

జనవరి 29, గురువారం
లోకువైతే అయ్యాను. నేనే ఫోన్ చేశాను. వెనక క్యాంప్ హోరు.

"మా అత్తను నేనే ఆపిన. ముందుగాల మీరు చెప్పాలె."

ఆ మాటకి ప్రాణం లేచొచ్చింది. జవాబు నోటిదాకా వచ్చింది... ఫోన్లో కాదు, రేపు ఆ గదికే రండి అన్నాను.

బావగారిని కారు అడిగాను. ఎందుకని అడగలేదు. పెట్రోలు పోయించుకో అన్నారు.