నలుగురిలో జీతం మాట

తార్నాక,
12-5-1968

పెద్దనాయనకు రాజలింగం దండాలు.

మేం కులాసా అని రాయాలనే ఉంది గాని రాయలేను. మీ కోడలు భారతికీ నాలాగే యూనివర్సిటీలో లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. జూన్ పదిహేడున చేరాలి. ఆ రోజు చేరకపోతే పోస్టు తర్వాతి పేరుకు పోతుంది. పాపకు ఎనిమిది నెలలు. ఇంట్లో చూసేవాళ్లు లేరు.

మన ఊళ్లో నాట్లకు పోయే తల్లుల పిల్లలను పట్టుకుని ఉండే సమ్మక్కను మా దగ్గరే ఉండేటట్టు పంపండి. నెలకు ఇరవై రూపాయలు, తిండి, ఏడాదికి రెండు చీరలు. పాపను చూడటమే పని. ఖాళీ దొరికితే గిన్నెలు, బట్టలు, ఇల్లూడ్చటం, రేషను దుకాణం ముందు నిలబడటం. వంటింట్లో పడుకోవచ్చు.

ఉంటాను,
రాజలింగం

తా.క.: పాప చేతికి చిక్కిన జుట్టు వదలదు. ఆ సంగతి ముందే చెప్పకండి.


ఎర్రకుంట,
17-5-68

రాజలింగానికి, కోపంతోనే అయినా ఆశీస్సులు.

మన దిక్కు జీతం మాట చాటున మాట్లాడరు, నలుగురిలో అనుకుంటారు. అందుకని నీ జాబును పంచాయతీ ఆఫీసు అరుగు మీద పోస్టుమేన్ చేత చదివించాను. సమ్మక్క ముందు కూర్చున్నది. మన పొలం చేసే జీతగాళ్లు పోచయ్య, ఎంకన్న సాక్షులు.

సమ్మక్క అంతా విని, "నేను గిన్నెల కాడ కూసుంటె పిల్లనెవరు సూడాలె? గిన్నెలు సూస్తయా?" అన్నది. అరుగంతా నవ్వింది. నా తల కొట్టేసినట్టయింది. చదువుకున్నవాడివి, మనిషిని పనికి పిలిచే పద్ధతి ఇదేనా?

ముప్పై రూపాయలు ఇవ్వు. గిన్నెలు, రేషను ఆమె పని కాదు. వారానికొక దినం సెలవు. జ్వరమొస్తే జీతం కోయవద్దు. పడుకోను తలుపున్న గది కావాలి. మీరు తినేదే, మీరు తినే వేళకే పెట్టాలి. ఇదంతా కాగితం మీద రాసి సంతకం పెట్టు.

నీ పెద్దనాయన,
లక్ష్మీనర్సయ్య

తా.క.: జుట్టు సంగతి కూడా చదివించాను. పోస్టుమేన్ ఆ ముక్క రెండుసార్లు చదివాడు.


తార్నాక,
22-5-68

పెద్దనాయనకు, నొచ్చుకుని రాస్తున్నాను.

ఈ క్యాంపస్‌లో ఏ ఆయాకూ వారం సెలవు లేదు. మీ షరతుల సంగతి భారతి పక్కింటి అమృతమ్మగారితో అన్నది. ఆవిడ ప్రొఫెసరుగారి భార్య. వెంటనే చెప్పులు కూడా వేసుకోకుండా మా ఇంటికి వచ్చింది. "మీరు సండే సెలవిస్తే మా ఆయా ఊకుంటదా? కాలనీ మొత్తం ఖరాబ్ జేస్తున్నరు!" అని కేకలేసింది.

ఆదివారం సెలవిస్తే ఆ ఒక్కరోజు పాపను అల్మారాలో పెట్టి తాళం వేయాలా? ఇరవై అయిదు రూపాయలు, ఆదివారం ఒక పూట. అంతకు మించి నావల్ల కాదు. ఒక అనుమానం కూడా ఉంది. నాట్లకు సమ్మక్క ఊళ్లోనే ఉండాలని మీరే ఈ మెలికలన్నీ పెట్టటం లేదు గదా?

రాజలింగం

తా.క.: ఈ జాబు మీరొక్కరే చదువుకోండి.


ఎర్రకుంట,
27-5-68

రాజలింగం,

ఆశీస్సులు ఈసారికి లేవు.

ఒక్కడినే చదువుకుంటే లోపాయికారీ అంటారు. అరుగు మీదే చదివించాను. సగం ఊరు వచ్చింది. సమ్మక్క ఒక్క మాట అడిగింది. "మరి సారుకు ఐతారం సెలవెందుకు? ఆ దినం పాఠాలు కరాబైతయా?" జవాబు నువ్వే రాయి.

నామీద అనుమానం పెట్టుకున్నావు. నలుగురిలో ఆ మాట పడ్డాక కూర్చోలేకపోయాను. లేచి నిలబడి, "ఎవరింట్ల పన్జేసినా మనిషి మనిషే. వారానికో దినం నడుం వాల్చనియ్యని ఇల్లు ఇల్లు గాదు. నేనైతే ఇస్త!" అన్నాను.

లక్ష్మీనర్సయ్య

తా.క.: అందరూ చప్పట్లు కొట్టారు. పోచయ్య అందరికంటే ఎక్కువసేపు కొట్టాడు. మంచివాడు.


తార్నాక,
1-6-68

పెద్దనాయనకు ఓడిపోయినవాడి దండాలు.

మీ జాబు భారతి చదివి, "సమ్మక్క అడిగినదాంట్లో తప్పేమున్నది? నువ్వే చెప్పు" అన్నది. అన్ని షరతులూ రాసి, సంతకం పెట్టి ఇందులో పంపుతున్నాను. నా పుస్తకాల గది ఖాళీ చేశాను, దానికి తలుపున్నది. సమ్మక్కను శనివారం బండి ఎక్కించండి. కాచిగూడ స్టేషన్లో నేనే దించుకుంటాను.

రాజలింగం

తా.క.: గిన్నెలు ఇకనుంచి నేను తోమాలని తేలింది. ఈ ముక్క దగ్గర పోస్టుమేన్‌ను దగ్గమనండి.


ఎర్రకుంట,
14-6-68

రాజలింగం,

సమ్మక్క చేరిందని కార్డు అందింది. నీ ఇల్లు చల్లబడింది. నా ఇల్లు చూడు.

ఆమె పోయేముందు నీ కాగితాన్ని అరుగు మీద చదివించాము గదా, పోస్టుమేన్ దానికి రెండు నకళ్లు రాసిచ్చాడట. మిరుగు కార్తె వాన పడి, దున్నాల్సిన నేల పదును ఆరిపోతున్నది. పోచయ్య, ఎంకన్న నాగళ్లు పట్టకుండా నకళ్లు పట్టుకుని అరుగు మీద కూర్చున్నారు.

"ఏందిరా ఇది?" అన్నాను.

"ఎడ్లకు సోమారం విడుపున్నది పటేలా," అన్నాడు పోచయ్య. "ఆ దినం మేం దడి గడుతం. మేం ఎడ్లకన్న తక్కువనా? నేనైతే ఇస్త అని మీరే అంటిరి."

"అది పట్నం సంగతిరా!"

"నడుం ఆడ ఒక తీరు, ఈడ ఒక తీరు ఉంటదా?"

పటేలు ముఖం చూసి నోరెత్తనివాడు ఇట్లా మాట్లాడుతున్నాడు! ఇదంతా నీ సంతకం వల్లనే వచ్చింది. ఆ షరతులు రద్దయ్యాయని, సమ్మక్క చేతనే గిన్నెలు తోమిస్తున్నావని వెంటనే ఒక కార్డు రాయి. రేపే అరుగు మీద చదివిస్తాను.

లక్ష్మీనర్సయ్య

తా.క.: కార్డు అక్కర్లేదు. ఇది రాస్తుండగానే మళ్లీ వాన మొదలైంది, ఈ పదునైనా దక్కాలని వాళ్ల సెలవుకు ఒప్పుకున్నాను. కాగితం రాసి పోచయ్యను వేలిముద్ర వేయమంటే, "ముందుగాల మీరు పెట్టుండ్రి పటేలా, చదువుకున్నోళ్లు" అన్నాడు. పెట్టాను. మీ పెద్దమ్మ ఇందాక పొయ్యి ముందునుంచి లేచి వచ్చి, ఆ కాగితం తనకూ ఒకసారి చదివి వినిపించమన్నది.