వెనక జుట్టు ఎవరు చూస్తారు

సోమవారం

ఈ ఉదయం కూడా అన్ని ఉదయాల్లాగే తెల్లవారింది. ఐదింటికి లేచాను. ప్రార్థన చేసుకున్నాను. పాలు కాచి కిటికీలు తెరిచాను.

"పొద్దున్నే అవన్నీ బార్లా తీస్తావేమే? రోగం లోపలికి రాదూ?" అంది అమ్మ మంచం మీద నుంచే.

"గాలి రావాలిగా అమ్మా."

"రెండూ ఒకే దారిన వస్తాయి."

తమ్ముడు పైన ఇస్త్రీ చొక్కా, కింద నలిగిన పైజమా వేసుకుని ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. వాడి బ్యాంకు ఇప్పుడు మా భోజనాల బల్ల మీద నడుస్తోంది. వీధిలో పురుగు లేదు. కూరగాయలవాడు మలుపులోనే బండి ఆపి, మాస్కులోంచి ఒక కేక వేసి, మేం సంచీ వెతికేలోగా వెళ్లిపోయాడు.

కాఫీ పట్టుకుని చెల్లెలి గదిలోకి వెళ్లాను. బీరువా అద్దం ముందు నిలబడి, పాపిట రెండు చేతులతో విడదీసి చూసుకుంటోంది.

"అక్కా, ఈ తెల్లగీత చూడు. బాగా వెడల్పుందా?"

"రోడ్డు వేయొచ్చు."

ఏడ్చేసింది.

చెల్లెలు టీవీలో వార్తలు చదువుతుంది. సాయంత్రం ఏడింటివి. దాని జుట్టు నిజంగానే నల్లగా ఉన్న రోజుల నుంచీ చదువుతోంది. లాక్‌డౌన్ పెట్టాక స్టూడియో ఇంటికొచ్చింది. మేకప్ మనిషి రాలేదు. పార్లర్‌కి తాళం. నిన్న న్యూస్ ఎడిటర్ ఫోన్ చేశాడట. "కొత్త ఒప్పందాలు రాస్తున్నాం మేడం. తెర మీద కొంచెం ఫ్రెష్‌గా కనిపించండి" అన్నాడట. ఫ్రెష్! తోటకూర కట్టనుకున్నాడు. కొత్తమ్మాయి ఒకతె సిద్ధంగా ఉందని కూడా చెప్పాడట, అడక్కపోయినా.

నా తల ఎప్పుడో పూర్తిగా తెల్లబడింది. దేవుడిచ్చిన రంగు అని వదిలేశాను. మిగిలిన సమయం ప్రార్థనకిచ్చాను. జుట్టు కోసం ఇంత గొడవేమిటో నాకర్థం కాదు. అయినా అది ఏడిస్తే చూడలేను.

తీర్మానం:

ఒకటి. పార్లర్లు తెరిచేదాకా దాని తల నల్లగా ఉంచే పూచీ నాది.

రెండు. ఆ పని చేస్తూ ఒక్క వెటకారపు మాట కూడా అనను. రోడ్డు మాట తీర్మానానికి ముందుది, లెక్కలోకి రాదు.

రాయనని మాత్రం అనుకోలేదు.

మంగళవారం

మందుల షాపు. వరసలో గంట.

"తలకి రంగా? అది అత్యవసరం కాదమ్మా" అన్నాడు షాపాయన. మాస్కు పైన ఆయన కనుబొమలు బొగ్గు ముక్కల్లా నిగనిగలాడుతున్నాయి. అవెప్పుడు అత్యవసరమయ్యాయో! అడగలేదు. తీర్మానం ఉంది.

చివరికి ఒక్క పొడి రంగు పొట్లం ఇచ్చాడు. ఇంకా ఎప్పుడొస్తుందో తెలియదట.

ఇంటికి రాగానే హక్కుదారులు పుట్టుకొచ్చారు.

"నా నుదుటి మీద కూడా కాస్త పుయ్యవే" అంది అమ్మ. బయటికి అడుగుపెట్టి ఎన్నాళ్లయిందో.

"బ్యాంకు మీటింగులో నా మీసంలో తెల్లవి కనిపిస్తున్నాయక్కా" అన్నాడు తమ్ముడు.

"మాస్కు పెట్టుకోరా."

ఇది వెటకారం కాదు. సలహా.

బుధవారం

బ్రహ్మాండమైన ఆలోచన! ప్రార్థన మధ్యలో వచ్చింది, కాబట్టి మంచిదే అయి ఉండాలి.

చెల్లెలి తలంతా పూస్తే పొట్లం ఒక్కసారితో సరి. వెనక పాత రంగు ఎప్పుడో వెలిసి తెల్లబడింది. కెమెరా చూసేది మాత్రం ముందు భాగమే. ఈ చెవి నుంచి ఆ చెవిదాకా దువ్వెనతో గీత గీశాను. గీతకి ఇవతల రంగు, అవతల దేవుడి దయ. ఈ పద్ధతిలో పొట్లం వారం వారం కాస్త కాస్త వాడుకోవచ్చు.

"వెనక్కి తిరిగితేనో?" అంది చెల్లెలు.

"వార్తలు వెనక్కి తిరిగి చదువుతావా?"

ప్రశ్న మాత్రమే.

కడిగి ఆరబెట్టాక అమ్మ కళ్లజోడు తెప్పించుకుని చుట్టూ తిరిగి చూసింది. "ముందు నుంచి నా కూతురు. వెనక నుంచి మా అత్తగారు" అంది.

ముందు పటారం, వెనక లొటారం. ఇది నోటితో అనలేదు. ఇక్కడే రాస్తున్నాను.

సాయంత్రం ఏడు. చెల్లెలు గోడ ముందు కూర్చుని చదివింది. ఒక్క తడబాటు లేదు. ఎడిటర్ మెసేజ్ పెట్టాడు: "చాలా ఫ్రెష్!" దాని ముఖం వెలిగింది. నాకూ సంతోషంగానే ఉంది. తోటకూర మాట వెనక్కి తీసుకోను.

శుక్రవారం

గిన్నె అంచుకి అంటిన రంగు తమ్ముడి పాలబడింది. బ్రష్షు దొరక్క వేలితో పూసుకున్నాడు. మీసం నల్లబడింది. పై పెదవి నల్లబడింది. ముక్కు కింద నేలంతా నల్లబడింది. సబ్బుతో తోమితే చుట్టూ ఎర్రబడింది, మధ్యలో నలుపు మాత్రం చెక్కుచెదరలేదు.

"ఎలా ఉందక్కా?"

"మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె."

అనేశాను. అయినా ఆ మాట నాది కాదు, పెద్దవాళ్లది. నేను గుర్తు చేశానంతే. తీర్మానం నిలిచినట్టే.

వాడు మీటింగులో కెమెరా ఆపేసి కూర్చున్నాడు. ఇంత చేసింది దీనికే.

ఆదివారం

ప్రార్థన ఎక్కువసేపు చేసుకున్నాను. మనసు ప్రశాంతంగా ఉంది.

చెల్లెలి జుట్టు చివర్లకి మరోసారి పూశాక గిన్నెలో చెంచాడు రంగు మిగిలింది. కలిపిన రంగు దాచుకోవడానికి పనికిరాదు. పారబోయడం పాపం. పాపం కాబట్టే కణతల దగ్గర కాస్త రాసుకున్నాను. చూద్దామని. కాస్తంటే కాస్తే. ఎవరికీ తెలియదు.

మధ్యాహ్నం అమ్మ అన్నం తింటూ ఆగింది.

"ఏమే పెద్దదానా, నీ చెవుల దగ్గర కాకులు వాలాయేం?"

"మసి అమ్మా."

"మసి రెండు పక్కలా ఒకే కొలతలో అంటిందా?"

చెల్లెలు పొట్ట పట్టుకుని నవ్వింది. ఈ మధ్య అది అలా నవ్వడం చూడలేదు. తమ్ముడు తన మీసం మర్చిపోయి మరీ నవ్వాడు. ఆ ముఖంతో!

నల్లతలలో తెల్లవెంట్రుక దాక్కుంటుంది. తెల్లతలలో నల్లది దాక్కోలేదు. ఈ జ్ఞానం కాస్త ముందు కలిగుంటే బాగుండేది.

ప్రార్థన చేసుకున్న నోటితో అబద్ధమాడాను. దేవుడా, అదొకటి రాసుకో.

మంగళవారం

పక్కింట్లో మాకూ వాళ్లకీ మధ్య ఉన్న గోడకి మేకులు కొడుతున్నారు. ఇంట్లో కూర్చున్న మగవాళ్లకి సుత్తి దొరికితే అంతే. ఆ గోడ ముందు కూర్చుని వార్తలు చదవడం కుదరదు. చెల్లెలి కుర్చీ ఇటువైపు, బీరువా ముందుకి జరిపాం. బీరువాకి నిలువుటద్దం ఉంది. దాని మీద నీలం దుప్పటి కప్పి, బట్టల క్లిప్పులు పెట్టాను.

"అచ్చం స్టూడియోలా ఉంది" అన్నాడు తమ్ముడు.

వాడు మెచ్చుకున్నప్పుడే అనుమానించాల్సింది.

బుధవారం

రాయాలని లేదు. అయినా రాస్తాను.

ఏడింటికి వార్తలు మొదలయ్యాయి. నేను కెమెరా పక్కన బల్లదీపం పట్టుకుని నిలబడ్డాను. తలుపులన్నీ మూసి ఉండడంతో ఉక్కపోస్తోంది. చెల్లెలి నుదుటి మీద చెమట పట్టింది. చెమటతో రంగు కారుతుందేమోనని తమ్ముడు చప్పుడు చేయకుండా లోపలికి వచ్చి ఫ్యాన్ వేశాడు. మంచి ఉద్దేశం. కొరివితో తల గోక్కోవడం కూడా దురద తీరాలన్న మంచి ఉద్దేశంతోనే చేస్తారు.

దుప్పటి ఒకసారి ఉబ్బింది. క్లిప్పులు టపటపా ఊడాయి. నాటకంలో తెర దిగినట్టు నెమ్మదిగా కిందికి జారింది.

చెల్లెలికి తెలియదు. "ప్రజలు ఎలాంటి ఆందోళనకూ గురి కావద్దని అధికారులు కోరారు" అని చదువుతోంది. ముందు బొగ్గులాంటి నలుపు. వెనక అద్దంలో పాలలాంటి తెలుపు. మధ్యలో నేను గీసిన గీత, చెవి నుంచి చెవిదాకా, చక్కగా, తిన్నగా.

కుర్చీ పక్కకి జరుపుకోమని దీపంతో సహా రెండు చేతులూ ఊపాను. అద్దంలో నేనూ ఉన్నానని అప్పుడు గుర్తురాలేదు. మరకల ఏప్రాన్, దీపం, కణతల మీద కాకులు. ఆ అవతారంతో జనమందరికీ చేతులూపాను. నా భుజం మీద నుంచి తమ్ముడి మీసం తొంగి చూసింది.

హాల్లోంచి అమ్మ కేక: "ఒసే! టీవీలో మన ఇల్లు!"

చెల్లెలు ఆగలేదు. వాతావరణం దాకా చదివి, నమస్కారం పెట్టి, అప్పుడు వెనక్కి తిరిగింది.

ఎవరినీ ఒక్క మాట అనలేదు. అదే భరించలేకపోయాను.

గురువారం

ఆ అద్దం వీడియో అందరి ఫోన్లలో తిరుగుతోంది, జనం ఒకటే నవ్వు. ఎడిటర్ ఫోన్. చెల్లెలు స్పీకర్‌లో పెట్టింది.

"మేడం, మీరంటే నాకెంతో గౌరవం."

గౌరవంతో మొదలైన ఫోను మంచితో ముగియదు.

"మీ గొంతు మా ఛానెల్‌కి ఆస్తి. దాన్ని వదులుకోం. దృశ్యాలకి తెర వెనక నుంచి మీరే చదవండి. తెర మీద మాత్రం కొత్తమ్మాయి కూర్చుంటుంది."

"తొమ్మిదింటి వార్తలు చదివే ఆయన తల నెరిసే ఉందిగా సార్?"

"ఆయనది వేరు మేడం. ఆయనకి నెరిస్తే హుందాతనం వస్తుంది."

"మరి నాకేం వస్తుంది?"



"వయసు మేడం."

ఫోను నా దగ్గరికి లాక్కున్నాను. "నాయనా, ఇంతకీ మీ తల ఎలా ఉంది?"

"ఎవరండీ?"

"నిన్న అద్దంలో చేతులూపినావిడని."

"నేను... టోపీ పెట్టుకుంటున్నానండీ."

"పెట్టుకోండి. ఇంట్లో ఎండ ఎక్కువ కదా!"

అప్పటిదాకా ఏడింటికి కొత్తమ్మాయే చదువుతుందని, రేపటిలోగా జవాబు చెప్పమని పెట్టేశాడు.

తీర్మానంలో రెండోది పోయింది. మొదటిది నిన్నే పోయింది. నిండా మునిగాక చలేమిటని ఆ తర్వాత తమ్ముణ్ని, ఫ్యాన్‌ని, క్లిప్పుల్ని, మందుల షాపాయన కనుబొమల్ని కూడా వరసగా అన్నాను. బావుంది. ప్రార్థన తర్వాత వచ్చే ప్రశాంతత లాంటిదే వచ్చింది. దేవుడా, క్షమించు.

సాయంత్రం ఏడింటికి చెల్లెలి గది ముందు నుంచి వెళ్తుంటే లోపల దాని గొంతు వినిపించింది. వార్తలు చదువుతోంది. ఎవరికీ కాదు. నిన్నటివే.

తలుపు తట్టలేదు. జుట్టు కోసం ఇంత గొడవేమిటని రాశాను మొదటి రోజు. అది తెలివితక్కువ మాట.

శుక్రవారం

తమ్ముడి ల్యాప్‌టాప్ మూయించి, నలుగురం భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాం.

"ఒప్పుకో చిన్నక్కా. గుడ్డి కన్నా మెల్ల మేలు" అన్నాడు తమ్ముడు. "రోజులు బాలేవు. ముఖం లేకపోతేనేం, ఉద్యోగం ఉంటుంది."

"నువ్వు ముందు ముఖం కడుక్కోరా" అంది అమ్మ. "జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే అంటారు. అసలు తలే కనిపించొద్దంటే అదెక్కడి న్యాయమే?"

చెల్లెలు నా వైపు తిరిగింది.

"అక్కా, ఒకమాట చెప్పు. జనం మొన్న నవ్వింది నా తెల్లజుట్టుకా?"

"కాదు. నేను గీసిన గీతకి."

"అయితే ఆ గీత తీసెయ్."

కత్తెర తెచ్చాను. నల్లనిదంతా కత్తిరించాను. ముందు భాగంలో కుదుళ్ల దగ్గర గోరంత తెలుపు మిగిలింది, వెనక భాగాన్ని కూడా దానికి సరిపోయేలా కురచ చేశాను. అమ్మ ముఖం తిప్పుకుంది. అయ్యాక మాత్రం తిరిగి చూసి, దాని తల నిమిరి, "ఇప్పుడు ఎటు నుంచి చూసినా నా కూతురే" అంది.

తమ్ముడు ఫోనుతో వీడియో తీశాడు. చెల్లెలు ఈ రోజు వార్తలు చదివింది. తెల్లతల, అదే గొంతు, అదే చూపు. వాడు ఎడిటర్‌కి పంపబోతూ, వీడియో కింద చెల్లెలు చెప్పిన మాట టైపు చేశాడు: ఈ ముఖం, ఈ గొంతు ఒకే మనిషివి, విడివిడిగా ఇవ్వను.

"ఒక్కదాని మాటలా ఉంది" అంది అమ్మ. "ఇంటి మాటలా రాయరా."

ఇవ్వం అని దిద్ది పంపాడు.

ఎడిటర్ చూసినట్టు గుర్తు పడింది. జవాబు రాలేదు.

సాయంత్రం మేం నిర్ణయించుకున్నవి ఇవి. జవాబు వచ్చినా రాకపోయినా రేపు ఏడింటికి చెల్లెలు సిద్ధంగా కూర్చుంటుంది. ఉద్యోగం పోతే, పోయాకే ఏడుస్తాం. ముందుగా ఏడవం. తమ్ముడు ఏ స్విచ్చూ ముట్టుకోడు.

చివరగా, రేపు ఎడిటర్ ఫోన్ చేస్తే అది నేనే ఎత్తాలని ముగ్గురూ ఏకగ్రీవంగా తీర్మానించారు. "నీ నోరు ఉండి కూడా ఇంటికి అక్కరకు రాకపోతే ఎలాగే?" అంది అమ్మ.

పెద్దవాళ్ల మాట కాదనలేను. అందుకని, ఎవరినీ వెటకారంగా ఒక్క మాట కూడా అనకూడదన్న నా తీర్మానం ఎల్లుండి ఉదయం ప్రార్థన నుంచి మళ్లీ మొదలు.