మామ చేనిలో మోగని పెట్టె

పులివెందుల, ఆగస్టు 1956, ఆదివారం రాత్రి

నేడు భారతదేశపు అణుశక్తి భవిష్యత్తు మా మామ శనక్కాయల చేనిలో తేలవలసి వచ్చింది. యురేనియం వెతికే సర్కారు ఇంజనీరు ఒక పెట్టెతో దిగాడు. నేలలో ఆ రాయి ఉంటే పెట్టె టకటకా మోగుతుంది. ఆయనకు తెలుగు రాదు కనుక, ఫిజిక్సు చదివిన నేను దుబాసీ పదవిని అలంకరించాను.

"రాయి దొరికితే చేను పోతాది కదరా అల్లుడా?" అని మామ నా చెయ్యి పట్టుకున్నాడు. ఉన్నది ఆ ఒక్క చేనే.

చేనంతా తిరిగినా పెట్టె పలకలేదు. మామ ఆకాశానికి దండం పెట్టాడు. అంతలో పక్కనున్న పుల్లన్న గుట్ట మీద అది టకటకలాడింది. మామ ముఖం మాడిపోయింది.

"గడ్డి మొలవని వాని గుట్టలో ఉండాదంట, నా చేన్లో ల్యాదంట! ఆ పెట్టె చెడిపోయిందేమో అడుగప్పా!"

నేను ఇంగ్లీషులో అడిగింది వేరు: అణుశక్తితో కరెంటు మనం సొంతంగా తయారు చేసుకోగలమా?

"రాయి ఉంది. చదువుకున్న కుర్రాళ్లు చాలరు. బొంబాయిలో మా అణుశక్తి కేంద్రానికి వస్తావా?" అన్నాడాయన.

"ఏమంటాండాడు?" అన్నాడు మామ.

"పెట్టె బాగానే ఉందంట మామా."

వస్తానని ఆయనకు అక్కడే చెప్పేశాను. ఇక అమ్మకు ఎట్లా చెప్పాలో...