దారం కాల్చి వదిలిన గుండు

సావిత్రీ,

నువ్వు పోయాక మన భౌతికశాస్త్ర సంఘం చింతామణి శాఖకు ఇది మొదటి వార్షిక సభ. ఏడాదిలో చేసిన పనులన్నీ నేనే చదివాను. చిక్కబళ్ళాపురంలో కాంతి మీద ఉపన్యాసం బాగా జరిగింది. బాగేపల్లిలో టెలిస్కోపుతో చంద్రుణ్ణి చూపిద్దామని వెళితే మబ్బు పట్టింది. నువ్వుంటే ఆ మబ్బు మీదే ఓ గంట పాఠం చెప్పేదానివి. మేము ఉప్పిట్టు తిని వచ్చేశాం. అక్కడ ఒక ముసలావిడ అడిగింది, "ఆ టీచరమ్మ యాడుండాదప్పా?" అని. ఈసారి రాలేదమ్మా అని చెప్పాను.

సభ చివర, నువ్వు పెట్టిన ఆనవాయితీ ప్రకారం, లోలకం ఊపాలి కదా. దూలానికి వేలాడే ఇనుప గుండును పక్కకు లాగి, నీ కుట్టుమిషను దారంతో కిటికీ ఊచకు కట్టాను. ఆ రీలులో మిగిలింది ఆ కాస్తే. దాన్ని కాల్చడానికి నాకు చేయి ఆడలేదు.

"చేత్తోనే వదిలేయప్పా, ఏమైతాది?" అన్నాడు బట్లహళ్ళి మేష్టరు.

"మా చెల్లెలు ఒప్పుకోదప్పా" అన్నాను.

చేత్తో వదిలితే మన వణుకు గుండుకు అంటుతుందని, దారం కాలిస్తేనే అది తిన్నగా ఊగుతుందని ప్రతిసారీ చెప్పేదానివి. మొదటి అగ్గిపుల్ల ఆరిపోయింది. రెండోదానికి దారం తెగింది.

గుండు తిన్నగానే ఊగింది, తల్లీ. నా వణుకు దానికి అంటలేదు. అంతా నా చేతిలోనే ఉండిపోయింది.

నీ అన్న