పెద్ద గదిలో వెలగని పొయ్యి

దొరొహోయ్, నవంబరు 19

నా వార్వారక్కకు,

అమ్మ బాగానే ఉందని మొదటి వాక్యంలోనే రాయమంది. రాశాను. ఇక మిగతాదంతా నాది.

ఊపిరితిత్తులకు ఆరు వారాలు సూదిమందు వేయాలన్నారు. రోజూ ఆసుపత్రికి వెళ్ళి వస్తున్నాం. మందుకన్నా వెచ్చదనం ముఖ్యమని, చలి తగిలితే వేసిన సూదులన్నీ వృథా అని డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది. నోటుపుస్తకంలో రాసుకొచ్చి సాఫ్తా అత్తకు చదివి వినిపించాను. అత్త చిక్కుళ్ళు ఏరుతూ అంతా విని, "బాగా చదివావే పిల్లా" అంది. అంతే.

తన ఇంట్లో మమ్మల్ని పెద్ద గదిలో దించింది. గోడలకు తివాచీలు, మంచం మీద నడుమెత్తు దిండ్లు, ఏడాదికి మూడుసార్లు తలుపు తీసే గది. మూలన గదిని వెచ్చబరిచే పచ్చ పెంకుల పొయ్యి ఉంది, కప్పును తాకేంత ఎత్తు. అంత అందమైన పొయ్యిని నేను ఎక్కడా చూడలేదు. దాన్ని వెలిగించరు. మొదటి రోజే అడిగాను. "అది వెలిగించే పొయ్యి కాదు" అంది అత్త. మరెందుకు కట్టారని అడిగితే, ఉప్పు తీసుకురమ్మని పంపింది.

పోనీ వంటింట్లో పడుకుంటామన్నాను. అక్కడ పొయ్యి పక్క అరుగు రాత్రంతా వెచ్చగా ఉంటుంది, అత్త పడుకునేది దాని మీదే. ఆవిడకు కోపం వచ్చింది. "నా తమ్ముడి పెళ్ళాన్ని, అందులోనూ జబ్బు మనిషిని వంటింట్లో పడేశానని వీధి వీధంతా చెప్పుకుంటే నా మొహం ఎక్కడ పెట్టుకోమంటావే?" అంది. అంటే ఆవిడ మొహం కోసం అమ్మ ఊపిరితిత్తులు గడ్డకట్టాలి. ఇటుకలు కాల్చి గుడ్డలో చుట్టి కాళ్ళ దగ్గర పెడుతుంది. అవి గంటలో చల్లారిపోతాయి. పొదుపేమో అనుకుందామంటే పెరట్లో బీచ్ చెట్టు కట్టెలు చూరు దాకా పేర్చి ఉన్నాయి, మూడు చలికాలాలకు సరిపోతాయి!

మా కళాశాల ప్రయోగశాల నుంచి ఉష్ణమాపకం అడిగి తెచ్చి గోడకు తగిలించాను. పొద్దున ఆరు డిగ్రీలు. అత్తను పిలిచి చూపించాను. సాయంత్రానికి దాన్ని గోడవైపు తిప్పి పెట్టింది. నేను తిప్పాను. ఆవిడ మళ్ళీ తిప్పింది. ఇప్పటికి నాలుగు రోజులుగా ఇదే యుద్ధం, ఇద్దరం నోరు విప్పకుండా చేస్తున్నాం.

అమ్మ ఏమంటుందో నీకు తెలుసు. "చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళం, వదిన ఏం పెడితే అది తినాలి, ఎక్కడ పడుకోమంటే అక్కడ పడుకోవాలి." ఇలా అని దగ్గుతుంది. నువ్వు నాలుగో తరగతిలో బడి మానేసి నన్ను చదివించింది ఇలా నోరుమూసుకుని కూర్చోవడానికా? నువ్వే చెప్పు.

నీ ఇలింకా

*

దొరొహోయ్, నవంబరు 30

అక్కా,

నీ ఉత్తరం అందింది. ఓపిక పట్టమన్నావు. ఎక్కడో బకావులో, కుట్టుమిషన్ల వేడిలో కూర్చుని ఓపిక గురించి రాయడం తేలిక. కోపం తెచ్చుకోకు, ఇది నీ మీద కోపం కాదు.

నిన్న పక్కింటి ప్రోఫీరా అమ్మను చూడటానికి వచ్చింది. అత్త తలుపు బార్లా తెరిచి, సంతలో ఆవును చూపించినట్టు గదంతా చూపించింది. ఈ తివాచీ తన తల్లి నేసిందట, ఈ దిండ్లలో బాతు ఈకలట, మావాళ్ళను ఎంత గౌరవంగా పెట్టుకున్నానో చూడు అంది. ప్రోఫీరా ప్రతిదానికీ తలూపుతోంది. ఆవిడ నోట్లోంచి ఆవిరి వస్తోంది. నాలుగు కంబళ్ళ కింద అమ్మ ముక్కు మాత్రం కనబడుతోంది, ఎర్రగా. ఆ ముక్కు కూడా నవ్వడానికే ప్రయత్నిస్తోంది, మర్యాద కోసం.

నేను ఆగలేకపోయాను. "అవునత్తా, చాలా గౌరవం. ఈ చలికి శవాన్ని పెట్టినా వారం దాకా చెడదు" అన్నాను.

ప్రోఫీరా శిలువ గుర్తు వేసుకుంది. అత్త మొహం పాలిపోయింది. నావైపు చూడలేదు, అమ్మవైపు చూడలేదు, ఆ పొయ్యివైపు చూసింది. తర్వాత ప్రోఫీరా చెయ్యి పట్టుకుని బయటికి తీసుకుపోయింది. రాత్రి భోజనంలో నాకు కూడా అందరితోపాటు మొక్కజొన్నపిండి మమలీగ ముద్ద, పులిసిన క్యాబేజీ పెట్టింది. తిట్టినా బాగుండేది.

అమ్మ రాత్రంతా ఏడ్చింది. అత్త వల్ల కాదు, నావల్ల. అది ఇంకా మండిపోయేలా చేసింది నన్ను. చలిలో పెట్టినవాళ్ళ మీద కన్నీళ్ళు లేవు, చలిగా ఉందన్నవాళ్ళ మీద ఉన్నాయి!

ఈ వారం డాక్టరమ్మ అమ్మ వీపు మీద చెవి గొట్టం పెట్టి విని మొహం చిట్లించింది. ఎక్కడ ఉంటున్నారు, గది వెచ్చగా ఉందా అని అడిగింది. నేను నోరు తెరిచేలోపు అమ్మ, "చాలా వెచ్చగా ఉంది డాక్టరుగారూ" అంది.

కాబట్టి నేను నిర్ణయించుకున్నాను. డిసెంబరు ఆరున పునీత నికొలాయ్ పండగ. అత్త పొద్దున్నే చర్చికి వెళ్ళి మధ్యాహ్నానికి గాని రాదు. ఆ పొయ్యి నేను వెలిగిస్తాను. వచ్చి వెళ్ళగొడితే వెళ్ళిపోతాం, కనీసం ఒక పూటైనా అమ్మ ఎముకలు వెచ్చబడతాయి. నన్ను ఆపాలని ఉత్తరం రాయకు, అది చేరేసరికి పని అయిపోతుంది.

నీ ఇలింకా

*

దొరొహోయ్, డిసెంబరు 7

అక్కా,

ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

అత్త చర్చికి వెళ్ళగానే పెరట్లోంచి కట్టెలు మోసుకొచ్చాను. పొయ్యి ఇనుప తలుపు తీశాను. బూడిద లేదు, మసి లేదు, కడిగినంత శుభ్రంగా ఉంది. వెనక్కి నెట్టి దిండంత మూట ఉంది, వార్తాపత్రికల్లో చుట్టి పురికొసతో కట్టినది. మన ఇంట్లో అమ్మ ఏం చేస్తుంది? వసంతంలో పొయ్యి ఆర్పేశాక పొగగొట్టంలోంచి గాలి దిగకుండా పాత కాగితాలు, గుడ్డపీలికలు ఉండచుట్టి లోపల కుక్కుతుంది. శరదృతువులో మొదటి మంట దాని మీదే వేస్తాం. చిన్నప్పటి నుంచి అది నా పనే. ఇదీ అదే అనుకున్నాను. మూట మీద పుల్లలు, పుల్లల మీద కట్టెలు పేర్చి వెలిగించాను.

చక్కగా అంటుకుంది అక్కా. తేనెమైనం వాసన వచ్చింది. అమ్మ కళ్ళు మూసుకునే, "చర్చి వాసనలా ఉందే అమ్మడూ" అంది. ఒక కంబళి తీసేసింది, తర్వాత ఇంకొకటి. పెంకులు వెచ్చబడ్డాయి. వాటికి వీపు ఆనించి కూర్చుంటే నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను.

అత్త వీధి చివర నుంచే పెద్ద గది పొగగొట్టంలోంచి పొగ రావడం చూసిందట. పండగ చెప్పులతోనే లోపలికి వచ్చింది. అరవలేదు. పొయ్యి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, తలుపు తీసి, చాలాసేపు లోపలికి చూసింది.

"నా చావు బట్టలు కాల్చావే" అంది.

ఇరవై రెండేళ్ళ క్రితం తనే నేసుకున్న నార చొక్కా. తలకు కట్టే గుడ్డ. శవపెట్టె మోసేవాళ్ళ భుజాలకు కట్టే తువ్వాళ్ళు పన్నెండు. పోయినవాళ్ళ చేతిలో పెట్టే మైనపు వత్తి. ఆవిడ అక్క చావు బట్టలు సందూకంలో దాస్తే ఎలుకలు కొట్టేశాయట, అక్కను అరువు చొక్కాలో పూడ్చారట. అందుకని ఎలుక దూరని ఇనుప తలుపు వెనక పెట్టుకుంది.

నాకు ఇంకా పొగరు చావలేదు. ఒక్క మాట చెబితే పోయేది కదా అన్నాను. మేం ఆసుపత్రికి పోయినప్పుడు తీసి వేరేచోట పెట్టుకోవచ్చు కదా అన్నాను.

ఆవిడ అమ్మవైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. "జబ్బు మనిషి మంచం పక్కన ఇవి ఉన్నాయని ఏ నోటితో చెప్పనే? తీసి వేరేచోట పెడదామంటే, టైము రాకుండా బయటికి తీసిన చావు చొక్కా తొడుక్కునే మనిషి కోసం వెతుక్కుంటుందని మా అత్తగారనేది. ఇంట్లో ఉన్నది నేనూ, మీ అమ్మా. నా దగ్గరికే వస్తుందని నమ్మకం ఏముంది?"

మూడు వారాలు నేను అన్నవన్నీ ఆవిడ అందుకే పడింది. శవం మాట కూడా.

ఇలింకా

*

దొరొహోయ్, డిసెంబరు 18

నా బంగారు అక్కా,

నువ్వు పంపిన నార బట్ట, తువ్వాళ్ళ గుడ్డ అందాయి. కర్మాగారంలో ఎవర్ని బతిమాలి సంపాదించావో గాని, అత్త దాన్ని కిటికీ దగ్గర పట్టుకుని, పోగులు లెక్కబెట్టి, "నేను నేసినంత బాగా లేదు, కానీ తప్పు పట్టడానికీ లేదు" అన్న మొహం పెట్టింది. అమ్మ మంచం మీదే కూర్చుని కత్తిరించింది. కుట్టేది నేను. నీ చెల్లెలి కుట్లు చూస్తే నువ్వు నవ్వుతావు. అత్త నవ్వలేదు, రెండుసార్లు విప్పించింది.

క్షమించానని ఆవిడ అనలేదు. అంటుందని చూడటం మానేశాను. ఒకటి మాత్రం నిజం, పచ్చ పొయ్యి ఇప్పుడు రోజూ వెలుగుతోంది. "ఇంక దాంట్లో దాచుకోడానికి నాకేం మిగిలిందని" అంటూ పొద్దున్నే తనే వచ్చి కట్టెలు వేస్తుంది. మొన్న డాక్టరమ్మ అమ్మ వీపు విని, ఈసారి మొహం చిట్లించలేదు. చలి విషయంలో నేను చెప్పింది తప్పు కాదని ఇప్పటికీ అంటాను అక్కా. కానీ ఆ మాట ఇదివరకంత గట్టిగా రావడం లేదు.

నిన్న బట్టలన్నీ పూర్తయ్యాయి. అత్త వాటిని మడిచి, కొత్త వత్తి పెట్టి, పురికొసతో కట్టింది. ఎక్కడ పెడుతుందో చూడకూడదని నేను లేచాను. "కూర్చో. పెన్ను తెచ్చుకో" అంది. ఆవిడకు రాయడం రాదు. అరవై ఎనిమిదేళ్ళలో తన చావు బట్టలు ఎక్కడున్నాయో ఒక్కరికీ చెప్పలేదు. హఠాత్తుగా పోయి ఉంటే, గది వెచ్చబరచడానికి మనలో ఎవరో ఒకరు ఆ పొయ్యే వెలిగించి ఉండేవాళ్ళం. ఆ సంగతి ఆవిడకూ తోచింది కాబోలు.

చెబుతుంటే రాశాను. మూట ఏ డబ్బాలో ఉంది, ఆ డబ్బా ఎక్కడుంది, ఏది ముందు తొడగాలి, తువ్వాళ్ళు ఎవరెవరికి కట్టాలి. మొదటి తువ్వాలు నాన్నకు, రెండోది ప్రోఫీరా మొగుడికి. చదివి వినిపించమంది. అంతా విని, "ఇంకొకటి రాయి. ఎవరి ఇంట్లోనైనా సరే, పొయ్యి వెలిగించే ముందు లోపల చెయ్యి పెట్టి చూడమని" అంది.

చావు కాగితంలో అదెందుకు అత్తా అన్నాను.

"నీకూ రేపు పిల్లలు పుడతారు. వాళ్ళూ చదువుకుంటారు కదే" అంది.

రాశాను.

చేతివేళ్ళ నిండా సూది పోట్లతో,
నీ ఇలింకా